వేడిగదిలోని యోగము — కాయక దృష్టితో ఒక విచారణ

శివునికి ఆలయము నిర్మింప ధనము లేనివానికి అతని శరీరమే ఆలయముగ చాలునని బసవేశ్వరుడు బోధించి ఎనిమిది శతాబ్దములు దాటినది. ఆ బోధను మనము పండుగనాడు వేదికలపై తలచుకొందుము. ఇంటికి వచ్చి ఆ ఆలయమును ఎట్లు చూచుకొనుచున్నామో విచారింపము. ఆలయమునకు వెల్లవేయుటయు గలదు, ఆలయమునకు నిప్పుపెట్టుటయు గలదు. ఈ రెంటికిని నడుమ భేదమును గుర్తింపవలసిన అవసరము నేటి నగరములలో వ్యాపించిన ఒక క్రొత్త అభ్యాసము వలన మరల వచ్చినది. దానిని "హాట్ యోగా" అందురు. తెలుగున చెప్పవలెనన్న వేడిగదిలో చేయు యోగము.

మన సమాజమున చదువుకొని బెంగళూరు, హైదరాబాదు, చెన్నపట్టణములలోను, అమెరికా మొదలగు దేశములలోను ఉద్యోగములు చేయుచున్న యువతీయువకులు దీనియందు ప్రవేశించుచున్నారు. వారిలో కొందరు సెలవులకు తిరుపతికి, చిత్తూరునకు వచ్చినపుడు పెద్దలను అడుగు ప్రశ్న యిది: "ఇది సాధన యగునా, కాదా? దేహమును వేడిలో నిలిపి చెమటోడ్చుట తపస్సు వంటిదే గదా?" ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట తగదు. దీనిలో దేహమునకును శివునకును గల సంబంధము, శ్రమకును ఫలమునకును గల సంబంధము, ఒకరి చెమటకును మరియొకరి చెమటకును గల సంబంధము ఇమిడియున్నవి.

అభ్యాసము పుట్టిన విధము

దీని మూలము మన దేశమే. పరమహంస యోగానందుల తమ్ముడగు విష్ణుచరణ్ ఘోష్ కలకత్తాలో వ్యాయామ విద్యాలయమును నడిపెను. ఆయన శిష్యుడనని చెప్పుకొన్న బిక్రమ్ చౌధురి 1970వ దశకమున అమెరికాకు వెళ్లి, ఘోష్ నేర్పిన ఆసనములలో ఇరువదియారింటిని, రెండు శ్వాసాభ్యాసములను ఒక వరుసగా కూర్చి, మూసిన గదిలో సుమారు 40 డిగ్రీల వేడిమియందు, గాలిలో నలుబది శాతము తేమ నిలుపుచు, 90 నిమిషములపాటు చేయించెను. ఆ వేడి భారతదేశపు వాతావరణమును తలపించుటకేనని చెప్పుచుండిరి. తరువాత ఇతరులు ఆసనములను మార్చి, వేడిని హెచ్చించియో తగ్గించియో అనేక రీతులు కల్పించిరి. నేడు ప్రపంచమందలి పెద్ద నగరములన్నిటను ఇట్టి గదులు గలవు.

తిరుపతి వాసులకు ఈ కథ విని చిరునవ్వు రాకమానదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత పుట్టిన సీమ మనది. వైశాఖ మాసమున కపిలతీర్థము దాపున కాలిబాటపై మధ్యాహ్నము నడచినవానికి ఏ యంత్రమును అక్కరలేదు. శేషాచలపు బండలే కొలిమి. చలిదేశములవారు విద్యుత్తు ఖర్చుచేసి మన ఎండను గదిలో తయారుచేయుచుండగా, మన పిల్లలు చల్లని గదులలో కూర్చుండి పనిచేసి, సాయంత్రము రుసుము చెల్లించి ఆ వేడిని కొనుక్కొనుచున్నారు. ఇందు వింత గలదు గాని, వింత యగుటచే అది తప్పు కాజాలదు. పగలెల్ల కుర్చీలో కూర్చున్న దేహము సాయంత్రమునకు కదలిక కోరుట సహజము.

దేహమున జరుగునది

విచారణకు ముందు వస్తుస్థితి తెలియవలెను. మానవదేహము తన లోపలి వేడిమిని సుమారు 37 డిగ్రీల యొద్ద నిలుపుకొనును. వెలుపలి వేడి హెచ్చినపుడు చర్మమువైపునకు రక్తము ఎక్కువగ ప్రవహించును, గుండె వేగము పెరుగును, చెమట పట్టును. చెమట కారుట వలన దేహము చల్లబడదు. అది ఆవిరియై పోవుట వలన చల్లబడును. గాలిలో తేమ హెచ్చుగ నున్నచో చెమట ఆవిరి గాక నేల రాలును, దేహమునకు ఉపశమనము తక్కువగును. మూసిన వేడిగదిలో క్రొత్తవానికి తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, కాలి పిక్కలు పట్టుట ఇందువలననే. లోపలి వేడిమి 40 డిగ్రీలకు చేరి, మాట తడబడి, మతి తప్పినచో అది వడదెబ్బ, ప్రాణాపాయకరము.

వేడికి దేహము అలవాటుపడును, కాని ఒక్కనాట గాదు. వారము మొదలు రెండు వారముల వరకు దినదినము కొంచెము కొంచెముగ అభ్యసించినపుడే చెమట ముందుగా పట్టుట, దానిలో ఉప్పు తక్కువగ పోవుట మొదలగు మార్పులు వచ్చును. మన సీమ కూలివాండ్రు దీనిని ఏ గ్రంథమును చదువకయే యెరుగుదురు. వారు తెల్లవారకమునుపే పొలమునకు పోయి, ఎండ నడినెత్తికి రాకముందే పని ఆపి, ఉప్పు వేసిన రాగి అంబలియో పలుచని మజ్జిగయో త్రాగి చెట్టునీడను పండుకొందురు. నీటితోబాటు ఉప్పును పోగొట్టుకొన్న దేహమునకు ఇంతకన్న మంచి వైద్యము లేదు.

చెమటతోబాటు దేహములోని విషములన్నియు బయటికి పోవునని ఈ అభ్యాసమును గూర్చి విరివిగా చెప్పుచుందురు. చెమటలో నుండునది ముఖ్యముగా నీరును ఉప్పును. రక్తమును శుద్ధిచేయు కాయకమును కాలేయమును మూత్రపిండములును రాత్రింబవళ్లు చప్పుడు లేక చేయుచునే యున్నవి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. అవే ఆసనములను కొందరిచే వేడిగదిలోను, కొందరిచే 23 డిగ్రీల సాధారణ గదిలోను పండ్రెండు వారములు చేయించి చూడగా, రక్తనాళముల ఆరోగ్యమున కలిగిన మేలు ఇరుతెగలవారికిని కనబడెను. ఆ విషయమున వేడి వలన వచ్చిన విశేషము కానరాలేదు. అనగా మేలు చేసినది ఆసనము, శ్వాస, క్రమము తప్పని అభ్యాసము. వేడి వలన కండరములు త్వరగా సడలును, నిజమే. కాని ఆ సడలికయే క్రొత్తవానిని తన హద్దు దాటి వంగునట్లు చేసి, మరునాడు నొప్పిగా తేలును.

తొలినాటి అనుభవము

ఈ విషయమును వినికిడిపై వ్రాయుట ఉచితము గాదని, బెంగళూరున మా అమ్మాయి యింటనున్న దినములలో వైద్యుని అడిగి, ఒకనాడు అట్టి శిక్షణాలయమునకు వెళ్లితిని. గది తలుపు తెరవగనే కుమ్మరి ఆవము దాపునకు పోయినట్లుండెను. ఇరువదిమంది చాపలు పరచుకొని యుండిరి. శిక్షకుడు మర్యాదస్థుడు. మొదటిసారి వచ్చినవారు చేయవలసిన ముఖ్యాభ్యాసము గదిలో నిలుచుటయేననియు, అలసినచో కూర్చుండుట లోపము గాదనియు ముందే చెప్పెను. శ్వాసాభ్యాసము సుఖముగనే జరిగినది. నిలుచుండి చేయు ఆసనములు నాలుగు గడచునప్పటికి చెమట కనురెప్పలమీదుగా కారి చూపు మసకబారెను. గుండె చప్పుడు చెవులలో వినవచ్చెను. ఒంటికాలిపై నిలువవలసిన ఆసనమున చాపపై కూర్చుంటిని.

అపుడు గమనించిన సంగతి యిది. అంత వేడిలో మనస్సునకు వెనుకటి మాటయు రాబోవు మాటయు తోచలేదు. తరువాతి శ్వాస యొక్కటే తోచినది. ఈ అభ్యాసమును ప్రేమించువారు దీనినే ఏకాగ్రత యందురు. వారు అబద్ధమాడుట లేదు. కాని ఇష్టలింగమును ఎడమ అరచేత నిలిపి దృష్టిని దానిపై నుంచినపుడు కలుగు ఏకాగ్రతకును దీనికిని తేడా గలదు. నీటిలో మునుగువాడు గాలినిగూర్చియే తలచును. ఆ తలపు ఎంత గట్టిదైనను దానిని ధ్యానమనజాలము. మొదటిదానియందు మనస్సు తాను వలచినదానివైపు పోవును. రెండవదానియందు దేహము ఆపదలో పడి మనస్సును ఈడ్చుకొని వచ్చును.

బయటికి వచ్చి వాకిట కూర్చుంటిని. నేల తుడుచు యువతి యొకతె నా నొసటి విభూతిని చూచి, తెలుగుమాట విని, "తొలిసారి గదా సామీ, ఆడ్నే కూసోండి, రవ్వంత నీళ్లు తాగండి" అని చెంబు అందించినది. ఆమెది కుప్పము వైపు పల్లె. ఒక తరగతి ముగిసి మరియొకటి మొదలగులోపల ఆ వేడిలోనే నేలపై రాలిన చెమట తుడుచుట ఆమె పని. నీకీ వేడి బాధగా లేదా యని అడిగితిని. "అలవాటైపోయింది సామీ. దినానికి నాలుగైదు తూర్లు లోపలికి పోతా. మా నాయన బెల్లం పెనం కాడ నిలబడేది దీనికన్నా ఎక్కువ" అన్నది.

ఆ మాటతో నా ప్రశ్న మారిపోయినది. వేడిగదిలో యోగము సాధనయా కాదా యని అడుగుచుంటిని. అదే గదిలో, అదే వేడిలో, ఒకరి చెమటను సాధనయనియు, ఆ చెమటను తుడుచునామె చెమటను జీతమునకు చేయు ఊడిగమనియు పిలుచుటకు మనకు గల ప్రమాణమేమి?

పంచాగ్ని మధ్యమున తపస్సు

దేహమును కాల్చి పుణ్యము గడింపవచ్చునను తలపు క్రొత్తది గాదు. నాలుగు దిక్కుల నాలుగు మంటలు వేసికొని, పైన సూర్యుని ఐదవ అగ్నిగా నెంచి కూర్చుండు పంచాగ్ని తపస్సు పురాణములందు ప్రసిద్ధము. కాని దానిని ప్రశ్నించిన మార్గమును మన దేశమున అంతే పురాతనమైనది. గౌతమబుద్ధుడు దేహమును శోషింపజేసి చూచి, అది మార్గము గాదని విడిచెను. శాస్త్రవిహితము గాని ఘోరతపస్సుచే శరీరమును పీడించువారిని గీతయు మెచ్చలేదు. ఆసనమునకు పతంజలి చెప్పిన లక్షణములు నిలుకడయు సుఖమును. అందు వేడియును లేదు, వేదనయును లేదు.

శరణుల దృష్టి ఇంకను స్పష్టమైనది. అల్లమప్రభువునకును గోరక్షునకును జరిగిన సంవాదము చామరసుని ప్రభులింగలీల వలన లోకమునకు తెలిసినదే. గోరక్షుడు యోగబలమున తన దేహమును వజ్రమువలె చేసికొనియుండెను. కత్తితో కొట్టినను గాయము కాదు. లోహమును కొట్టినట్లు మ్రోగును. అదియే సిద్ధియని ఆయన నమ్మిక. అల్లముడు తన్ను కొట్టుమనగా, గోరక్షుని కత్తి గాలిలో నాడినట్లు ఆయన దేహమున ఎచటను తగులక పోయెను. కథలోని అద్భుతము నటుంచుడు. దేహమును గట్టిపరచుకొనుట వలన "ఈ దేహము నాది" యను పట్టును గట్టిపడునను హెచ్చరిక ఇందు గలదు. వేడిని ఓర్చితిని, ఇందరికన్న ఎక్కువసేపు నిలిచితిని, నా దేహము ఇట్లు వంగినది అను లెక్క మొదలైనచో, ఎన్ని ఆసనములు చేసినను మ్రోగునది ఆ వజ్రపు మ్రోతయే.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. మన సీమలోనే, నేటి తిరుపతి జిల్లాలోని శ్రీకాళహస్తిలో, కన్నప్ప తన కన్నును తానే పెకలించి శివునికి సమర్పింపలేదా? పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆ భక్తుని కీర్తింపలేదా? దేహమును బాధపెట్టుట శైవమునకు సమ్మతము గాకున్న కన్నప్ప భక్తాగ్రేసరుడెట్లయ్యెను?

కథను మరల చూడవలెను. కన్నప్ప నొప్పిని వెదకికొని పోలేదు. తన సహనమును పరీక్షించుకొన దలపలేదు. స్వామి కంట నెత్తురు కారుట చూచెను, చూచి ఓర్వలేకపోయెను, తన యొద్దనున్న మందు తన కన్నేయని తోచెను. ఆయన చూపు ఆసాంతము ఎదుటివాని గాయముపై నున్నది. తన నొప్పి ఆయన ఎన్నుకొన్నది గాదు. ప్రేమించుటలో దారిన తగిలినది. నొప్పియే గమ్యమైనచోట చూపు తనవైపు తిరుగును; ఇతరుని గాయమే కారణమైనచోట చూపు తనను మరచును. కన్నప్పను పేరుకొని దేహపీడనను సమర్థించువారు ఆ కథలో నెత్తుటినే చూచిరిగాని కన్నును చూడలేదు.

కాయకమును చెమటయును

ఇపుడు ఆ యువతి మాటకు వత్తము. చిత్తూరు సీమ బెల్లమునకు పేరెన్నికగన్నది. గానుగలో చెరకు ఆడి, రసమును వెడల్పైన ఇనుపపెనమున పోసి, ఎండిన చెరకుపిప్పిని పొయ్యిలో ఎగద్రోయుచు, మడ్డిని తీయుచు, పాకము ముదురు క్షణమును కనిపెట్టుచు గంటల తరబడి నిలువవలెను. ఆ క్షణము దాటినచో బెల్లము మాడును, ముందైనచో గట్టిపడదు. అచట నిలిచినవాని ఏకాగ్రతకు ఏ తరగతియందును తీసిపోదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని చూడుడు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీట తడిపి ఎండవేయుట, ఇనుమును బెల్లమును ఊరవేసి చేసిన నల్లరంగులో వెదురు కలమును ముంచి గీతలు దిద్దుట, పటిక పూసి ఎర్రరంగునకై కాగునీట ఉడికించుట, పారు నీట జాడించుట: ఎండయు మంటయు లేక ఆ కళయే లేదు. వారి చెమటను ఎవరును యోగమనలేదు. అయినను అందు నిలుకడ గలదు, శ్వాస గలదు, తన్ను మరచుట గలదు.

శరణులు కాయకమే కైలాసమనినపుడు ఉద్దేశించినది ఇదియే. అనుభవమంటపమున తాడు పేనిన నులియ చందయ్యయు, బట్టలుతికిన మడివాళ మాచయ్యయు, కట్టెలు కొట్టిన మోళిగె మారయ్యయు తమ పనిని విడిచి సాధన చేయలేదు. పనిలోనే సాధన చేసిరి. సొన్నలిగె సిద్ధరాముడు చెరువులు త్రవ్వించెను. శ్రమయొక్క విలువ అది దేహమును ఎంత బాధించినదను లెక్కచే రాదు. అది ఎవరికి ఏమి యొసగినదను లెక్కచే వచ్చును.

అయినను ఈ సిద్ధాంతమును చెప్పి ఊరకుండుటయందొక మోసము గలదు. కడుపునిండిన మనము నీడలో కూర్చుండి, పెనము కాడ నిలిచినవాని చెమటను కైలాసమని పొగడి వచ్చిన, వానికి ఒరుగునదేమి? ఇటుకబట్టీలయందును రాతిక్వారీలయందును ఎండను ఓర్చువాడు దానిని కోరి తెచ్చుకొనలేదు. తలతిరిగినపుడు చాపపై కూర్చుండుటకు వానికి సెలవు లేదు. కూర్చున్నచో కూలి తెగును. వేడిగదిలో నేను కూర్చుండగలిగితిని, లేచి బయటికి రాగలిగితిని, చెంబు నీరు దొరికినది. ఈ మూడును లేనివాని వేడిని తపస్సనుట అపచారము. కాయకమునకు వెంట దాసోహము లేనియెడల అది పేదవానిని పనిలో నుంచుటకు చెప్పు తియ్యనిమాటగా మారును. అందుకనే బసవేశ్వరుడు రెంటిని విడదీయలేదు.

మరి కుర్చీలో కూర్చుండి పనిచేయు యువకుని సంగతి యేమి? వానిది కాయకము గాదా? తప్పక కాయకమే. కాని అతని కాయకమున కాయమునకు పని లేదు. నడుము పట్టుట, మధుమేహము, రక్తపోటు చిన్నవయస్సుననే వచ్చుచున్నవి. అట్టివాడు దినమునకొక గడియ ఆసనములు చేయుట విలాసము గాదు. ఆలయమునకు చేయు కనీస కైంకర్యము. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి బి.కె.ఎస్. అయ్యంగారు వంటివారి యొద్ద నేర్చి వృద్ధాప్యము వరకు ఆసనములు చేసెను. కాని దేహమును చక్కగా నుంచుకొనుట వేరు, సత్యమును కనుగొనుట వేరని ఆయన అభిప్రాయము. ఈ వివేకము మనకును ఉపయోగించును. స్నానము చేసినవాడు స్నానమునకే మోక్షము వచ్చునని తలపడు. అట్లని స్నానము మానడు.

యోగమునకు యజమాని గలడా?

ఈ అభ్యాసపు చరిత్రలో మరియొక పాఠము గలదు. ఇరువదియారు ఆసనముల వరుసపై తనకే హక్కు గలదని బిక్రమ్ చౌధురి న్యాయస్థానమునకు వెళ్లెను. 2015లో అమెరికా ఉన్నత న్యాయస్థాన మొకటి, ఆరోగ్యమునకై చేయు ఆసనముల క్రమము గ్రంథమువలె ఒకరి సొత్తు కాజాలదని తీర్పు చెప్పెను. అంతకు పూర్వమే మన ప్రభుత్వము సంప్రదాయ విజ్ఞాన భాండాగారమున ఆసనములను నమోదుచేయించి, ఇవి తరతరముల ఉమ్మడి ఆస్తియని లోకమునకు తెలిపినది. ఆయన యొద్ద న్యాయసలహాదారుగా పనిచేసిన స్త్రీ వేధింపులపై వేసిన వ్యాజ్యమున 2016లో లాస్ ఏంజిలిస్ న్యాయస్థానపు జూరీ ఆమె పక్షమున పెద్దమొత్తము పరిహారముగ నిర్ణయించినది.

శిక్షకునికి రుసుము చెల్లించుట తప్పు గాదు. బోధించుటయు కాయకమే, దానికి వేతనము న్యాయమే. కాని జ్ఞానమునకు కంచె వేయుట శరణధర్మమునకు విరుద్ధము. వచనములు పండితుల భాషలో గాక ప్రజల నోటిమాటలో పుట్టినవి అందులకే. ఇక గురువును గూర్చి: ఆచారము లేనివాని అరవు మనకు ప్రమాణము గాదు. శిష్యుని దేహము బాధను తెలుపునపుడు దానిని వినవద్దని శాసించు గురువు ఏ గదిలోనున్నను, ఆ గది విడిచి వచ్చుటయే మేలు. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగదినమునాడు విశాఖపట్టణపు సముద్రతీరమున లక్షలాది జనులు ఒక్కమారు ఆసనములు వేసిరి. అందులకు కావలసినది ఒక చాపయు, ప్రాతఃకాలపు గాలియు మాత్రమే.

క్రొత్తవారికి కొన్ని మాటలు

వేడిగదిలో యోగమును చూడవలెనను కుతూహలము గలవారిని నేను వారింపను. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహము గలవారు, గర్భవతులు, మూత్రము ఎక్కువగ పోవునట్టి మందులు వాడువారు వైద్యుని అడుగక పోరాదు. ముందునాటి నుండియే నీరు త్రాగవలెను. తిన్న వెంటనే పోరాదు. తొలిదినము సగము ఆసనములు చేసినను చాలును. తల తిరిగినచో కూర్చుండవలెను. మాట తడబడినను, చెమట ఆగి ఒడలు కాలినను వెంటనే బయటికి రావలెను. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. చాలునను మాట ఎరుగుటయే ఆమె శివయోగము. దేహము "చాలు" అన్నచోట ఆగుటయు అట్టిదే.

సాధన కొరకే పోవువారికి మాత్రము వేరొక మాట. శ్రీకాళహస్తి పంచభూతలింగములలో వాయులింగక్షేత్రము. గాలి చొరరాని గర్భాలయమున దీపము రెపరెపలాడుటయే స్వామి శ్వాసకు గురుతని భక్తులు చెప్పుకొందురు. మనకు ఆ దీపము ఇష్టలింగపూజా సమయమున మన శ్వాసయే. ఉదయమున స్నానముచేసి, విభూతి ధరించి, లింగమును కరస్థలమున నుంచి, శ్వాస తనంతట తాను నెమ్మదించువరకు చూచుచుండుటకు యంత్రమును వలదు, రుసుమును వలదు. లింగాంగ సామరస్యమునకు దారి అచట గలదు. ఆసనములు ఆ కూర్చుండుటకు నడుమును సిద్ధము చేయును. వాని పని అంతవరకే, అదియు చిన్నపని గాదు.

ఇక ఆ ప్రశ్నకు సమాధానము. వేడిగదిలో తొంబది నిమిషములు నిలిచినవాడు నేర్చుకొనదగిన గొప్ప విషయ మొకటి గలదు: వేడి మనిషిని ఏమి చేయునో అతనికి ఇపుడు తెలియును. నాలుక ఎండుట, గుండె కొట్టుకొనుట, నీడకై కన్నులు వెదకుట అతనికి అనుభవమైనవి. ఈ ఎరుకను అతడు గది బయటికి తెచ్చెనా, లేక చెమటతోబాటు తువ్వాలుతో తుడిచివేసెనా? తెచ్చినచో అది సాధనకు తొలిమెట్టు. నేల తుడుచునామెకు తరగతుల నడుమ విశ్రాంతి గలదా యని యజమానిని అడుగువాడు, ఇంటిముందు గోతులు త్రవ్వు కూలివానిని పండ్రెండు గంటలకు నీడకు పిలుచువాడు, వేసవి వచ్చుటతోడనే వీధిచివర చలివేంద్రము నిలుపువాడు ఆ వేడిగదికి చెల్లించిన రుసుమునకు తగిన ఫలము పొందెను.

మన మఠములును సంఘములును ప్రతి వేసవి చలివేంద్రములు పెట్టుట ఆచారముగ గలదు. రానున్న రోహిణి కార్తెకు కుండలతోబాటు ఉప్పు కలిపిన మజ్జిగయు, నాలుగు తాటాకుల పందిరియు, కూర్చుండుటకొక బల్లయు ఏర్పరచుడు. బస్టాండు కడనే గాక ఇటుకబట్టీల దారిని, క్వారీల దారిని, గానుగల దారిని గూడ పెట్టుడు. వచ్చినవాని కులమును ఊరును అడుగకుడు. వాడు త్రాగి, కొంగుతో మొగము తుడుచుకొని, ఒక క్షణము కన్నులు మూసికొని కూర్చుండును. ఆ క్షణమున వాని దేహమను ఆలయమున దీపము నిలుకడగ వెలుగును. శరణు శరణార్థి.